బస్సు కడుపులో కొండ

మరుగుదొడ్డి అన్నాక అందులో ఏదో ఒకటి పేరుకుంటుందని మనం ఇన్నాళ్లూ తెలివితక్కువగా నమ్ముతూ వచ్చాం. అది తప్పని రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. 'సంచార మరుగుదొడ్ల ట్యాంకులయందు ఏ దశలోనూ ఎటువంటి సంచయమూ ఉండరాదు' అని. సంచయం అంటే ఏమిటో విప్పి చెప్పక్కర్లేదు. పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు దాని అసలు పేరు పలకలేరు, సంస్కృతంలో పిలుస్తారు. మన నోటికి ఆ జబ్బు లేదు గాని, కథ అయ్యేదాకా మనమూ వాళ్ల మాటే వాడదాం. మర్యాదగా ఉంటుంది.

ఈ ఉత్తర్వు మిగతా ఊళ్లలో ఎలా అమలైందో తెలియదు. రావిగుంటలో మాత్రం అక్షరం పొల్లుపోకుండా అమలైంది.

రావిగుంట అంటే మిరపకాయ. ఊరి చివర మార్కెట్ యార్డు, దాని చుట్టూ కోల్డు స్టోరేజీలు. సీజన్లో ఆ ఊళ్లో దిగినవాడు ముందు తుమ్ముతాడు, తర్వాతే దారి అడుగుతాడు. యార్డులో రేకుల షెడ్ల కింద వందలమంది ఆడవాళ్లు పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా కాయల తొడిమలు తీస్తూ, తాలుకాయ ఏరుతూ ఉంటారు. ఈ పనికి ఒక పద్ధతి ఉంది. లోకమంతా దొడ్డికి వెళ్లొచ్చాక చేతులు కడుక్కుంటుంది. మిరపకాయ ముట్టిన ఆడది వెళ్లేముందు కడుక్కోవాలి. సబ్బుతో, మోచేతులదాకా, ఒకటికి రెండుసార్లు. కడుక్కోకుండా వెళ్తే ఏమవుతుందో పనిలో చేరిన మొదటిరోజే తెలిసిపోతుంది. ఆ పాఠం ఎవరూ మళ్లీ చెప్పించుకోరు.

అయితే వెళ్లడానికి చోటెక్కడిది? యార్డులో మగవాళ్లకి ప్రహరీగోడ ఉంది. ఆడవాళ్లకి ఏమీ లేదు. అందుకని వాళ్లు నీళ్లు తాగడం మానేశారు. రేకులు కాలి, ముక్కులోకి కారం పోయి, నాలుక పిడచకట్టుకుపోయినా సరే, సాయంత్రం ఇల్లు చేరేదాకా చుక్క ముట్టరు. ముఠా మేస్త్రి రాహేలమ్మ ఒళ్లు ఇరవయ్యేళ్లుగా అలాగే మొండిబారింది. కాని ఆమె కోడలు సలోమి కడుపుతో ఉంది. పొత్తికడుపులో నొప్పని ఆస్పత్రికి తీసుకెళ్తే, మూత్రం ఆపుకోవడం వల్ల వచ్చిన జబ్బని డాక్టరమ్మ తేల్చింది.

"పొద్దస్తమానం నీళ్లు తాగుతుండాలి. లేకపోతే నీకూ ముప్పే, లోపలున్న బిడ్డకూ ముప్పే."

"తాగితే యాడికి పోవాల డాక్టరమ్మా?" అంది సలోమి.

"ఆ మందు నా దగ్గర లేదమ్మా."

ఆ మందు మునిసిపల్ ఆఫీసులో ఉంటుందని రాహేలమ్మకి అనిపించింది. మర్నాడు ముఠా మొత్తాన్ని పనిబట్టలతోనే వెంటేసుకుపోయి కమిషనర్ పినాకపాణి గారి గదిలో బైఠాయించింది. అరవలేదు, నినాదాలివ్వలేదు. ఫ్యాను వేయమంది, అంతే. ఆ చీరల మీద ఉన్న కారం గాల్లోకి లేచాక కమిషనర్ గారు తుమ్ముకీ తుమ్ముకీ మధ్య దొరికిన సందులో బస్సు మంజూరు చేశారు.

పాత సిటీబస్సు. సీట్లు పీకేసి గదులు కట్టారు, కింద ట్యాంకు బిగించారు, పైన నీళ్ల డ్రమ్ము, మెట్టు పక్కన కుళాయి. గులాబీరంగు వేసి 'సంచార మహిళా సౌకర్య రథం' అని రాశారు. డ్రైవర్ మస్తాన్ దాన్ని షెడ్ల పక్కన నిలబెట్టేవాడు. ట్యాంకు నిండొచ్చాక ఊరవతల మురుగుశుద్ధి కేంద్రానికి తోలుకెళ్లి, వాల్వు తిప్పి ఖాళీచేసి, నీళ్లతో కడిగి తెచ్చేవాడు. సలోమి నీళ్లు తాగడం మొదలుపెట్టింది. మొహానికి కళ వచ్చింది. అందరికీ బాగానే ఉంది. సర్కారు పని ఒకటి బాగా నడుస్తోందంటే పైవాళ్లకి ఇంకా సంగతి తెలియలేదని అర్థం.

తెలిసింది. సంచయ నివారణ మిషన్ డైరెక్టర్ విశ్వంభర్ గారు స్వయంగా తనిఖీకి వస్తారనీ, ట్యాంకులో సంచయం కనిపిస్తే బస్సును అర్హతగల వేరే పట్టణానికి తరలిస్తారనీ, కనిపించకపోతే షీల్డు ఇస్తారనీ మొదట చెప్పుకున్న ఆ ఉత్తర్వులో ఉంది. కమిషనర్ గారు మునిసిపల్ ఇంజినీరు చక్రధరాన్ని పిలిపించారు.

"మిస్టర్ చక్రధరం, సదరు ట్యాంకులో ప్రస్తుతం ఏమున్నది?"

"సంచయం సార్."

"నిండినప్పుడల్లా పారబోసి వస్తున్నాము కదా?"

"అదే ప్రమాదం సార్. పారబోయుటకు వెళ్లితిమి అనగా నిండినదని మనమే లిఖితపూర్వకంగా ఒప్పుకున్నట్లు. డీజిల్ బిల్లే సాక్ష్యం. తక్షణం పారబోత నిలిపివేయవలెను."

"పారబోయకుండా, పేరుకోకుండా ఎట్లా?"

చక్రధరం కళ్లద్దాలు సర్దుకున్నాడు. "సార్, ట్యాంకులోనికి పోవుదానిలో సింహభాగం నీరు. నీటిని నివారించినచో సంచయములో సింహభాగమును నివారించినట్లే."

కమిషనర్ గారు లేచి కరచాలనం చేశారు. ఆ సాయంత్రమే డ్రమ్ము దిగింది, కుళాయి ఊడింది. మర్నాడు పొద్దున చక్రధరం బస్సు మెట్టు దగ్గర కుర్చీ వేసుకుని మనిషికొక అర లీటరు సీసా పంచుతూ కూర్చున్నాడు.

"ఏందయ్యా ఇది, పాలసీసానా?" అంది రాహేలమ్మ.

"నిర్ధారిత జల పరిమాణమమ్మా. కార్యానంతర శుద్ధికి సరిపోవును."

"అనంతరం సంగతి అనంతరం. ముందు చేతులు కడగొద్దా?"

"పూర్వ శుద్ధి నిబంధనలలో లేదు. ముందు చేతులు శుభ్రముగనే ఉండును. ప్రపంచమంతటా అంతే."

"ప్రపంచమంతా మిరక్కాయలు వలుస్తందా?"

రాహేలమ్మ పక్కనే పనిచేసే మీరాబీ ఊరుకునే మనిషి కాదు. "సారూ, నీకు పెళ్లయిందా? ఇంటికి పోయి మీ ఆవిణ్ణడుగు, గొడ్డుకారం నూరినాక ఆయమ్మ ముందేం చేసిద్దో."

ఆడవాళ్లంతా ఘొల్లున నవ్వారు. చక్రధరం చెవులు కాయల రంగుకొచ్చాయి గాని సీసా సైజు పెరగలేదు. పంపు దగ్గర సొంతంగా నీళ్లు పట్టుకొస్తే సినిమా హాల్లో బయటి తిండిలాగా బస్సు మెట్టు దగ్గరే లాక్కున్నాడు. ఇక ఆడవాళ్లకి ఒకటే లెక్క మిగిలింది. ముందు కడిగితే తర్వాతకి లేవు, తర్వాతకి దాచుకుంటే ముందు మంట. మంటకి భయపడనివాళ్లు ఎవరున్నారు? ఉన్న నీళ్లు మెట్టు దగ్గరే చేతుల మీద పోసుకున్నారు. అవి నేలపాలయ్యాయి. బెజ్జంలోకి చుక్క నీరు పోలేదు, పోవలసింది మాత్రం పోయింది.

నీళ్లు లేనప్పుడు పడింది పడ్డచోటే ఉంటుంది. దాని మీద మరొకటి. దాని మీద ఇంకొకటి. రోడ్డు పక్క లారీవాడు కంకర దించినట్టు ట్యాంకు నడిబొడ్డున, సరిగ్గా బెజ్జం కింద, ఒక గుట్ట లేచింది. వారం తిరిగేసరికి కొండయింది.

కమిషనర్ గారు ముక్కుకి సెంటు రుమాలు అడ్డుపెట్టుకుని టార్చిలైటుతో లోపలికి చూశారు.

"చక్రధరం, ఇదేమిటి?"

"శిఖరం సార్."

"శిఖరం ఎందుకు ఏర్పడినది?"

ఇక్కడ నీళ్లు పోయించి ఉంటే కథ అయిపోయేది. కాని చక్రధరం చదువుకున్నవాడు. ఆ రాత్రి ఇంట్లో భార్య పాలు తోడుపెడుతుంటే చూశాడట, మర్నాడు మెరిసే కళ్లతో ఆఫీసుకొచ్చాడు.

"సార్, నా శ్రీమతి తోడు వేసిన గిన్నెను కదపవద్దని గద్దించినది. కదిపిన పెరుగు పేరుకొనదట. అనగా నిశ్చలతయే పేరుకొనుటకు మూలము. బస్సు నిలబడియున్నది, అందుచేతనే పేరుకున్నది. బస్సును నిరంతర చలనములో ఉంచవలెను. కుదుపులున్న రోడ్డు అయినచో మరింత శ్రేష్ఠము."

కుదుపులకి రావిగుంటలో కరువు లేదు. యార్డు చుట్టూ ఉన్న రోడ్డు కోసం మిర్చి బస్తాలు, అదే టిక్కీలు, మోసే హమాలీలు ఎన్నో ఏళ్లుగా మొత్తుకుంటుంటే, కాంట్రాక్టరు అప్పుడే నాలుగు గుంతల్లో కంకర పోసి వెళ్లాడు. కమిషనర్ గారు ఆ కంకర తవ్వించి పారేయించారు. రోడ్డు మొదట్లో బోర్డు పాతించారు: 'కుదుపు మార్గము. ఇచ్చట గుంతలు పూడ్చువారు శిక్షార్హులు.' పారిశుద్ధ్య సిబ్బందిలో ఇద్దరికి గడ్డపారలిచ్చి, వర్షానికి గుంతలు పూడుకుపోకుండా లోతు కాపాడే బాధ్యత అప్పగించారు. మునిసిపాలిటీ పుట్టాక అంత శ్రద్ధగా చూసుకున్న రోడ్డు మరొకటి లేదు.

బస్సు ఇక ఆగలేదు. యార్డు చుట్టూ తిరుగుతూనే ఉంది. ఎక్కాలనుకున్నవాళ్లు పరిగెత్తి ఎక్కాలి, దిగాలనుకున్నవాళ్లు దూకాలి. ఆడవాళ్లు చీరలు ఎగదోపి అర లీటరు సీసా చేత్తో పట్టుకుని బస్సు వెంటపడుతుంటే హమాలీలు టిక్కీలు దించేసి నిలబడి ఉత్సాహపరిచేవాళ్లు.

"పట్టుకో పిన్నీ, పట్టుకో! కమ్మీ పట్టుకో!"

"నిన్ను పట్టుకుంటా ఉండరా, ముందు దిగి రానీ!"

మస్తాన్ మంచివాడు. మలుపు దగ్గర మెల్లగా బ్రేకు మీద కాలేసేవాడు. 'అనుమానాస్పద వేగ తగ్గింపు'కు సంజాయిషీ అడుగుతూ అతనికి మెమో వచ్చింది. అప్పటినుంచి అతను కళ్లు మూసుకుని తోలుతున్నట్టు తోలాడు.

మీరాబీ ఒకసారి నుదుటి మీద బొప్పితో దిగింది.

"ఏమైందే?" అంది రాహేలమ్మ.

"నేను కూకోలేదక్కా. బస్సే కూకోబెట్టింది, బస్సే లేపింది, మళ్లా అదే కూకోబెట్టింది. పని మటుకు కాలేదు."

లోపల కొండ సంగతి చెప్పాలి. నీళ్లు లేని కొండకి కుదుపు తగిలితే కరగదు, గట్టిపడుతుంది. ఇంటి పునాదిలో మట్టి పోసి దిమ్మిస కొట్టినట్టు, ప్రతి గుంతా దాన్ని ఇంకాస్త బిగించింది.

సలోమి నెలలు నిండుతున్న పిల్ల. పరిగెత్తలేదు. ఒకరోజు తొడిమలు తీస్తూ రాహేలమ్మ చెయ్యి ఆపి కోడలి పక్కనున్న సీసా చూసింది. పొద్దున ఇంటి దగ్గర నింపిన నీళ్లు నింపినట్టే ఉన్నాయి.

"ఏందే, తాగలేదు?"

"దాహం లేదత్తా."

"నోరు తెరువు. చూడు, నాలిక తెల్లగా పాలిపోయింది. దాహం లేదంటా!"

"తాగితే ఆ బస్సు ఎంబడి ఎవరు ఉరకాలత్తా? నువ్వు ఉరుకుతావా నా బదులు?"

ఒకరి బదులు ఒకరు వెళ్లొచ్చే పనైతే రాహేలమ్మ ఎప్పుడో పరిగెత్తేది.

తనిఖీ దగ్గరపడింది. కొండ కదల్లేదు. కమిషనర్ గారు ఈసారి సొంతంగా ఆలోచించి సమస్య మూలానికే వెళ్లారు. సంచయం ఎక్కడినుంచి వస్తోంది? ట్యాంకు నుంచి కాదు, నీటి నుంచి కాదు, రోడ్డు నుంచి కాదు. మనుషుల నుంచి. ఆ రోజు నుంచి మునిసిపల్ భాషలో ఆడవాళ్లు లబ్ధిదారులు కాదు, 'సంచయకర్తలు'. వాళ్లకి షెడ్డులో మైకు పెట్టి అవగాహన సదస్సు నిర్వహించారు.

"సోదరీమణులారా!" అన్నాడు చక్రధరం. "సంచయము ట్యాంకులో పుట్టదు, కంచంలో పుట్టును. శనగపప్పు, చిక్కుడు, గోంగూర ఇత్యాదులు అధిక సంచయకారకములు. యార్డు గేటు వద్దనున్న బజ్జీల బండిని నేటితో తొలగిస్తున్నాము. ఇంటి కార్యములు ఇంటివద్దనే ముగించుకొని రావలెను. తప్పనిసరి యైనచో ఒకరోజు ముందుగా తెలియపరచవలెను."

"రేపు మధ్యాన్నం నాకు వచ్చిద్దో రాదో ఇయ్యాళ ఎట్టా చెప్పేదయ్యా?" అని కూర్చున్నచోటి నుంచే అడిగింది రాహేలమ్మ.

"ఖచ్చితంగా అవసరము లేదు. అంచనా చాలును."

"సరే, రేపటికి నీ అంచనా ఏంది?"

"నేను ప్రభుత్వోద్యోగిని. నాకు ఆఫీసులో సౌకర్యము కలదు."

"మరి మేమూ ఆడికే వస్తాం."

"అది సంచయకర్తలకు కాదమ్మా."

ఆ తర్వాత బస్సు దగ్గరికి ఎవరూ పోలేదు. గులాబీరంగు రథం తలుపు టపటపా కొట్టుకుంటూ యార్డు చుట్టూ ఖాళీగా తిరిగింది. కమిషనర్ గారు కిటికీలోంచి అది చూసి పొంగిపోయారు. "చూడండి చక్రధరం, ఎవరూ వాడని సౌకర్యమే పరిపూర్ణ సౌకర్యం. దుర్వినియోగం లేదు, ఫిర్యాదు లేదు, సంచయం లేదు."

"పాత కొండ ఉన్నది సార్."

"దానిని ఇంకా సంచయమని ఎందుకు అనవలెను? కదలదు, పెరగదు, రాయివలె ఉన్నది. ట్యాంకు నిర్మాణములో అంతర్భాగముగా పరిగణించవలెను."

అలా కొండ పర్మనెంటయింది. యార్డు పుట్టినప్పటినుంచి పనిచేస్తున్న హమాలీలు పర్మనెంటు కాలేదు గాని, అది అయింది.

ఆ మధ్యాహ్నమే సలోమి కాయల కుప్ప మీదికి తూలి పడింది. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లి సెలైను ఎక్కించారు. బిడ్డ ఇంకా కదులుతోందని చెప్పి డాక్టరమ్మ రాహేలమ్మ వైపు తిరిగింది.

"ఇంకోసారి ఇలా తీసుకొస్తే నేనేం చెయ్యలేను. తాగాలని చెప్పానా లేదా?"

రాహేలమ్మ కొంగు బిగించుకుని ఆస్పత్రి వరండాలోకి వచ్చింది. తోడొచ్చిన మీరాబీని అడిగింది. "ఆ డైరెక్టరు ఎప్పుడొస్తాడంట?"

"రేపేగా."

"రానీ. ఆయన ముందర బస్సుకి అడ్డం పడుకుంటా. తొక్కిచ్చేదైతే తొక్కిచ్చమను."

డైరెక్టర్ విశ్వంభర్ గారు పొద్దున్నే కార్ల వరసతో వచ్చారు. తెల్ల పంట్లాం, తెల్ల చొక్కా, మెడలో పూలదండ. ఒక కొబ్బరిబోండాం, దాని మీద మజ్జిగ, దాని మీద ఇంకో బోండాం. తనిఖీకని ఒక్క నిమిషం మాత్రం బస్సు ఆపించి, కమిషనర్ గారు ట్యాంకులోకి టార్చి వేసి చూపించారు.

"ఆ ఎత్తుగా ఉన్నది ఏమిటి?"

"నిర్మాణాంతర్భాగం సార్."

"చాలా దృఢముగా ఉన్నది. గుడ్."

బస్సు మళ్లీ కదిలింది. ఇక ఫొటోల కార్యక్రమం. డైరెక్టర్ గారికి శ్రామికులంటే ప్రేమ. ఆడవాళ్ల మధ్య గోనెపట్టా మీద చతికిలబడి, చొక్కా చేతులు మడిచి, దోసిలినిండా కాయలు తీసుకున్నారు.

రాహేలమ్మ బస్సుకి అడ్డం పడుకోబోతున్నదల్లా ఆగింది. "బాబుగారూ, వద్దండీ. చేతులకి అలవాటుండాలండీ."

"అమ్మా, శ్రమైక జీవన సౌందర్యమును స్వయముగా అనుభవించవలెను."

ఆయన అనుభవించారు. తొడిమలు తుంచారు, కాయలు నలిపారు, గింజలు అరచేతిలో రుద్ది కెమెరాకి చూపించారు. ఎంతసేపంటే, తాగినవన్నీ పనిచేయడం మొదలుపెట్టేదాకా. ఆయన లేచి కమిషనర్ చెవిలో ఏదో అడిగారు. కమిషనర్ గారు గర్వంగా బస్సు వైపు చెయ్యి చాపారు. అది అప్పుడే ఎదురుగా వెళ్లిపోతోంది.

"ఆపమనండి."

"ఆపినచో పేరుకొనును సార్. ఎక్కుట చాలా సులభము. కమ్మీ పట్టుకొనవలెను."

డైరెక్టర్ గారు పూలదండతో సహా పరిగెత్తారు. హమాలీలకి అలవాటైపోయింది, "పట్టుకో సారూ, పట్టుకో!" అన్నారు. చక్రధరం పక్కనే పరిగెత్తి అర లీటరు సీసా అందించాడు. వెనక నుంచి రాహేలమ్మ గొంతు చించుకుని అరిచింది. "బాబుగారూ, ముందు చేతులు కడగండి! ముందు!"

"అనంతరమమ్మా, అనంతరం!" అని ఆయన నవ్వుతూ తలుపు వేసుకున్నారు.

బస్సు ఒక గుంత దాటింది. రెండు గుంతలు దాటింది. మూడో గుంత దగ్గర లోపలినుంచి ఒక కేక వచ్చింది. యార్డులో వేలం ఆగిపోయింది. పావురాలు రేకుల మీంచి లేచిపోయాయి. ఆ కేకలో సంస్కృతం ఒక్క ముక్క లేదు.

"నీళ్లు! నీళ్లురోయ్!"

కమిషనర్ గారు బస్సు పక్కన పరిగెడుతూ చేతులు కట్టుకోబోయి కట్టుకోలేక అన్నారు. "సార్, తమరి నిర్ధారిత పరిమాణము ఇప్పటికే వినియోగమైనది సార్!"

రాహేలమ్మ పడుకోలేదు. ఆ అవసరం లేకపోయింది. ఆమె కేకేస్తే హమాలీలు టిక్కీలు తెచ్చి కుదుపు మార్గానికి అడ్డంగా గోడలా పేర్చారు. మస్తాన్ సంతోషంగా బ్రేకు తొక్కాడు. ఆడవాళ్లు పంపు దగ్గరి బిందెలన్నీ మోసుకొచ్చి మెట్టు దగ్గర వరసగా పెట్టారు. రాహేలమ్మ తలుపు మీద వేలితో కొట్టింది.

"బాబుగారూ, నీళ్లున్నయ్యి. కాని బయటి నీళ్లు లోనికి రాకూడదంట."

"రావచ్చు! ఉత్తర్వు ఇస్తున్నా! తే!"

"నోటిమాటేనా?"

"కమిషనర్! రాసుకోవయ్యా!"

కమిషనర్ గారు చక్రధరాన్ని వంగోబెట్టి అతని వీపు మీద కాగితం పెట్టుకున్నారు.

"ఎన్ని నీళ్లు కావాలంటే అన్ని. ముందూ, తర్వాతా," అంది రాహేలమ్మ.

"ముందే! ముందే ముఖ్యం! రాయి!"

ఒక బిందె లోపలికి వెళ్లింది. కేక కొంచెం తగ్గి మళ్లీ లేచింది.

"బస్సు కదలకుండా షెడ్డు పక్కనే ఉండాల. వేరే ఊరికి పోకూడదు."

"ఎక్కడికీ పోదు! ఇంకో బిందె!"

"నిండితే తోలకపోయి పోసి రావాల."

"ప్రొసీజరు ప్రకారము సార్," అని కమిషనర్ గారు గొణిగారు, "నిండినదని అంగీకరించినట్లగును."

"నిండింది! నిండిందయ్యా! నేను అంగీకరిస్తున్నా! నా కళ్లతో చూస్తున్నా! సంతకం నేను పెడతా, కాగితం ఇలా తగలెయ్!"

తలుపు సందులోంచి తడిసిన చెయ్యొకటి వచ్చి సంతకం చేసింది. ఆ తర్వాత బిందె వెనక బిందె పోయింది. మీరాబీకి జాలేసి పెరుగు ప్యాకెట్టు కొనుక్కొచ్చింది. "ఉట్టి నీళ్లకి పోదు బాబూ మంట, ఇది రాసుకోండి."

"పెరుగును ఏ పద్దు కింద చూపవలెను?" అన్నాడు వంగొని ఉన్న చక్రధరం. ఎవరూ పట్టించుకోలేదు.

అన్ని నీళ్లు ఒక్కసారిగా పడేసరికి బస్సు కడుపులో గుడగుడమని చప్పుడు మొదలైంది. నిర్మాణాంతర్భాగం నాని, మెత్తబడి, ఒక పక్కకి ఒరిగి, కూలింది. మస్తాన్ కిటికీలోంచి తల బయటపెట్టి, "నిండిందమ్మా, పోసొస్తా," అన్నాడు. డైరెక్టర్ గారు పంట్లాం తడిసిందని బయటికి రానన్నారు. అందుచేత ఆయన కూడా వెళ్లారు. సంచయ నివారణ మిషన్ చరిత్రలో ట్యాంకు ఖాళీ చేయడాన్ని పై నుంచి, అంత దగ్గరగా పర్యవేక్షించిన డైరెక్టరు ఆయనొక్కడే.

నెల తిరక్కుండా ఆయన నివేదిక వచ్చింది. సుదీర్ఘ క్షేత్రస్థాయి ప్రయోగాల అనంతరం, ట్యాంకులో సంచయ నివారణకు ధారాళంగా నీరు వాడుట, నిండినప్పుడు ఖాళీ చేయుట అను వినూత్న విధానాన్ని కనుగొన్నట్టు అందులో ఉంది. దానికి ఆయన పేరే పెట్టారు. కమిషనర్ గారికి షీల్డు వచ్చింది. చక్రధరం ఆ విధానం గురించి ఉపన్యసించడానికి ఏదో పెద్ద ఊరికి వెళ్లాడు. రాహేలమ్మ పేరు ఎక్కడా లేదు. ఆమె ఆ నివేదిక చదవలేదు, చదివించుకోనూ లేదు. ఆమెకి కావలసింది ఆ నివేదికలో లేదు.

అది షెడ్డు పక్కన ఉంది. డ్రమ్ము పైకెక్కింది, కుళాయికి కొత్త వాషరు వేశారు, సబ్బుబిళ్ల తాడుకి కట్టారు. సలోమి మళ్లీ పనిలోకి వచ్చింది, పొట్ట ముందుకేసుకుని గోడకి జారగిలబడి కూర్చుంది. ఎండ రేకుల మీదికి వచ్చే వేళకి సీసా తీసి, అందరూ చూస్తుండగా, అడుగుదాకా తాగింది. మూతి తుడుచుకుని అత్త సీసా అడిగి అదీ తాగింది.

"నిదానమే, పొలమారిద్ది," అంది రాహేలమ్మ.

కాసేపటికి సలోమి నేల మీద చెయ్యి ఆన్చి లేచింది. పరిగెత్తలేదు. ఒకరోజు ముందు ఎవరికీ చెప్పి పెట్టలేదు. కుళాయి తిప్పి, సబ్బు రాసి, మోచేతులదాకా తీరిగ్గా ఒకటికి రెండుసార్లు కడుక్కుంది. మెట్టెక్కి తలుపు వేసుకుంది.

బస్సు కదల్లేదు.